మిజాజ్, పిత్తం, ఫ్లోరైడు: గ్రీకు వైద్యంల ఇప్పటికీ పనికొచ్చేది ఎంత?

నకిరేకల్_చదువరి

వచ్చే నెల గ్రంథాలయంల 40 నిమిషాల ముచ్చట ఒకటి పెట్టుకున్నం. ఆరోగ్యం గురించి పాత గ్రీకులు ఏమనుకున్నరు, అది మన నల్లగొండకు ఇప్పుడు ఎంత అక్కరకొస్తది, ఇదీ అంశం. వచ్చేటోళ్లల్ల సగం మంది రిటైరైన టీచర్లు, సగం మంది గ్రూప్స్‌కు చదివే పిల్లలు. "హిప్పోక్రటిస్ వైద్య పితామహుడు" అని ఒక్క ముక్క చెప్పి చాయ్ తాగి లేస్తే నడవది. తప్పు చెప్తే టీచర్లు అక్కడ్నే పట్టుకుంటరు.

నాకు తెగనియ్యి ఇవి. యునానీ దవాఖానల హకీం సాబ్ నాడి పట్టి "బల్గమీ మిజాజ్" అంటడు గదా, అది గ్రీకుల మాటేనా? అయితే వాళ్ల నాలుగు రసాలు, మన వాత పిత్త కఫాలు ఒకటేనా? "ఆహారమే నీ ఔషధం" అని హిప్పోక్రటిస్ బొమ్మ కింద రాసిన పోస్టరు మిల్లెట్ దుకాణాలల్ల కనపడుతది, ఆయన నిజంగ అన్నడా? నీళ్లను బట్టి ఊరి రోగం చెప్పొచ్చని ఆయన పేరు మీద ఒక పుస్తకం ఉందంటరు. మన జిల్లాల ఫ్లోరైడు ఎక్కువున్న మర్రిగూడ, నాంపల్లి మండలాల దిక్కు నీళ్లను చూస్తే ఆ పుస్తకం ఏమంటుండె? ఇగ హిజామా (ఒంటి మీద కప్పులు పెట్టి గుంజుడు) గురించి ఎవరో ఒకరు అడగక మానరు.

పేర్లు, అంకెలు పక్కాగ ఉన్నయే చెప్పుండ్రి.

తిబ్బీ_పాఠం

చదువరి సాబ్, మిజాజ్ (అంటే ఒంటి తత్వం), పోస్టరు సంగతి నేను చెప్తాను. నీళ్ల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడున్నారు.

యునానీ అంటేనే గ్రీకు. అయోనియా తీరం పేరు పారసీ, అరబ్బీ నోళ్లలో పడి యూనాన్ అయింది. మన "యవన" కూడా ఆ కొమ్మదే. హకీం బుఖ్రాత్ అంటే హిప్పోక్రటిస్, జాలీనూస్ అంటే గాలెన్. నాలుగు రసాల లెక్క స్పష్టంగా కనపడేది "మానవ స్వభావం" అనే గ్రంథంలో. దాన్ని హిప్పోక్రటిస్ అల్లుడు పోలిబస్‌కు ఆపాదిస్తారు. రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. హకీం నోట ఇవే దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా. రక్తం వేడి, తడి, వసంతంలో పెరుగుతుంది. సఫ్రా వేడి, పొడి; ఎండాకాలానిది. సౌదా చలువ, పొడి. ఆకు రాలే కాలానిది. బల్గమ్ చలువ, తడి; చలికాలానిది. కాబట్టి "బల్గమీ మిజాజ్" అంటే ఒంట్లో చలువ, తడి పైచేయిగా ఉన్నాయని. క్రీ.శ. 2వ శతాబ్దంలో పెర్గమమ్ వాడైన గాలెన్ ఈ లెక్కను బిగించాడు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ గాలెన్‌ను సిరియాక్‌లోకి, అరబ్బీలోకి తెచ్చాడు. తర్వాత పారసీక వైద్యుడు ఇబ్న్ సీనా చేతి మీదుగా పారసీ చదివినవాళ్లతో దక్కన్‌కు వచ్చింది. చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కాలేజీలో పిల్లలు ఇప్పటికీ ఈ నాలుగు పేర్లతోనే మొదలుపెడతారు.

వాత పిత్త కఫాలతో ఒకటే అని మాత్రం చెప్పకండి. ఆయుర్వేదంలో కదలికంతా వాతానిది. గ్రీకుల నాలుగింటిలో గాలికి చోటే లేదు. రక్తం అక్కడ రసం, ఇక్కడ ధాతువు. నల్ల పిత్తానికి మన దగ్గర జోడీ లేదు. ఆ మాటకొస్తే ఒంటిని కోసి చూసినా నల్ల పిత్తం అనే ద్రవం ఎక్కడా దొరకదు. 1858లో జర్మన్ వైద్యుడు విర్కో జబ్బును కణంలో చూపించాక రసాల లెక్క వైద్యశాస్త్రంలో నిలవలేదు. ఈ మాట యునానీ చదివినవాళ్లు కూడా నొచ్చుకోకుండా ఒప్పుకోవాలి.

రెండింటికీ కలిసేది ఒక్కటే: సమంగా ఉంటే ఆరోగ్యం. దాన్ని గ్రీకుల్లో హిప్పోక్రటిస్ కంటే ముందే క్రోటన్ ఊరి ఆల్క్‌మియోన్ అన్నాడు. తడి పొడి, వేడి చలువ, చేదు తీపి ఇవన్నీ సమాన హక్కులతో ఉంటే ఆరోగ్యం, వాటిలో ఒక్కటే రాజ్యమేలితే రోగం. "ఇసొనోమియా", "మొనార్కియా" అని వాడాడు. రెండూ రాజకీయంలోంచి తెచ్చిన మాటలు. గ్రూప్స్ పిల్లలకు ఇది బాగా పడుతుంది.

పోస్టరు సంగతి. హిప్పోక్రటిస్ పేరు మీద 60 దాకా గ్రంథాలున్నాయి, చాలా చేతులు రాసినవి. వాటిలో ఎక్కడా ఆ వాక్యం లేదు. పైగా ఆ సంప్రదాయం తిండినీ మందునూ విడదీసి చూసింది. ఒళ్లు దేన్ని మార్చుకుని తనలో కలుపుకుంటుందో అది గిజా, ఒంటిని ఏది మారుస్తుందో అది దవా. నడుమన ఉండేవాటికి గిజా-ఎ-దవాయీ అని వేరే పేరే ఉంది. నిజంగా ఉన్న మాట కావాలంటే ఆహార విహారాల గ్రంథంలోది తీసుకోండి: తిండి ఒక్కటే మనిషిని ఆరోగ్యంగా ఉంచదు, వ్యాయామం కూడా ఉండాలి. "ముందు హాని చేయకు" అనేది కూడా లాటిన్ వాక్యం. దానికి దగ్గరిది "ఎపిడెమిక్స్" మొదటి పుస్తకంలో ఉంది: మేలు చేయి, లేదా కీడైనా చేయకు.

ఇక హకీం దగ్గర నేర్చుకోదగ్గది నా లెక్కలో మిజాజ్ కాదు, అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా. మనిషి తప్పించుకోలేని ఆరు కారణాలు: గాలి, తిండి నీళ్లు, ఒంటి కదలిక విశ్రాంతి, మనసు కదలిక విశ్రాంతి, నిద్ర మెలకువ, ఒంట్లో నిలిచేది బయటికి పోయేది. ఇది గాలెన్ నుంచి వచ్చిన జాబితా. బీపీ, షుగరు రోగిని ఈ ఆరూ అడిగి చూడండి. రాత్రి డ్యూటీ చేసే లారీ డ్రైవరుకు మందు ఎందుకు పని చేయడం లేదో ఐదోదాని దగ్గర దొరుకుతుంది.

మూసీ_ఒడ్డు

ఇవన్ని మన చరకుడు ఎన్నడో చెప్పిండు. ఋతుచర్య, దినచర్య లేవా? మళ్ల గ్రీకులను నెత్తిన పెట్టుకునుడు ఎందుకు?

తిబ్బీ_పాఠం

ఉన్నాయి అన్నా, ఎవరూ కాదనలేదు. ఆయన అడిగింది గ్రీకుల గురించి. ఎవరు ముందు అనే పంచాయితీ మొదలుపెడితే 40 నిమిషాలు దానికే పోతాయి.

బోరుబావి_ల్యాబు

ఆ పుస్తకం పేరు "గాలులు, నీళ్లు, ప్రదేశాలు". చిన్నది, ఒక్క కూసుడుల చదవొచ్చు. షురూలనే, కొత్త ఊరికి పోయిన వైద్యుడు ఏమేం చూడాలెనో చెప్తది. ఊరు ఏ గాలికి ఎదురుగ ఉంది, పొద్దు ఎటు పొడుస్తది. నీళ్లు బురదగుంటయా, ఎత్తు మీది రాళ్లల్లకెళ్లి వచ్చే గట్టి నీళ్లా, ఉప్పు నీళ్లా. నేల బోడిదా, చెట్టూ చేమా ఉన్నదా. జనం తాగుడెక్కువోళ్లా, కూసొని తినేటోళ్లా, ఒళ్లొంచి పని చేసేటోళ్లా. రోగి చెయ్యి పట్టకముందే ఇవన్ని తెలుసుకోవాలె. ఇయ్యాల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే రోగం) సర్వేకు పోయేటోని చేతిల ఫారం తీసి చూడుండ్రి, దాదాపు ఇవే గళ్లు. బోరు లోతు ఒక్కటి ఎక్కువ.

గుర్తు కరెక్టుగ పట్టి కారణం తప్పు చెప్పిన జాగలు సుత ఉన్నయి. నిలవ నీళ్లు తాగేటోళ్లకు కడుపుల బల్ల (ప్లీహం) పెరిగి గట్టిపడతది అన్నడు. బల్ల పెరిగేది మలేరియాతోటి. నీళ్లు తాగితే రాదు, ఆ నీళ్లల్ల పుట్టే దోమతోటి వస్తది. అయినా "గుంట పక్కన ఊరు కట్టకు" అన్న సలహా పనిచేసేదే.

ముచ్చట్ల చూపెట్టనీకె మంచి ముక్క ఇంకోటుంది. ఎండ నీళ్లల్ల సన్నటి, తేలికటి భాగాన్ని పైకి గుంజుకుంటది, బరువైనది కిందనే ఉండిపోతది, ఉప్పే దానికి సాక్ష్యం అంటడు. చలికాలం ఒక గిన్నెల నీళ్లు కొలిచి పోసి బయట పెట్టు, గడ్డ కట్టినంక ఇంట్లకు తెచ్చి కరగనియ్యి, మళ్ల కొలువు, తక్కువుంటయి అని ప్రయోగం సుత చెప్తడు. తేలికటి భాగం పోయింది కాబట్టి మంచు నీళ్లు మంచియి కావు అని తేల్చిండు. తేల్చింది తప్పు. తగ్గింది ఆవిరైపోయి. కాని కొలిచి చెప్పిండు, అదీ సంగతి. నోటి మాట కాదు.

ఇప్పుడు మన నీళ్లకొస్తా. ఆయన చేతిల ఉన్న పనిముట్లు నాలుక, ముక్కు, కన్ను, తక్కెడ. ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. లీటరుకు 3 మి.గ్రా. ఉంటే ఏ తక్కెడకూ తెల్వది. ఇంకా మోసం ఏందంటే, మన కింద ఉన్నది గ్రానైటు. అందుల ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్లల్లకు దిగుతది. నీళ్లల్ల కాల్షియం మస్తుగ ఉంటే దాన్ని పట్టుకొని కింద కూసోబెడతది. కాల్షియం తక్కువుండి బైకార్బొనేటు ఎక్కువున్న నీళ్లల్ల అది కరిగే ఉంటది. అసుంటి నీళ్లల్ల సబ్బు మంచిగ నురుగొస్తది, పప్పు జల్ది ఉడుకుతది. ఇంట్ల అందరు "ఈ బోరు నీళ్లు మంచియి" అంటరు. గ్రీకు వైద్యుడు వచ్చినా తియ్యగ, తేటగ ఉన్నయని వాటికే మార్కులేస్తుండె. అంటే ఆయన పరీక్ష మన దగ్గర ఫెయిలు.

ఆయన ప్రశ్న మాత్రం పాసు. ఒక ఊర్లె పిల్లల పళ్ల మీద గోధుమ రంగు గీతలు, పెద్దోళ్లకు నడుము బిగుసుడు, పక్క ఊర్లె ఏం లేదు. తిండి అదే, ఎండ అదే, నీళ్లే వేరు. మన దేశంల ఈ రోగం సంగతి బయటపడ్డది గూడ ఊరును, నీళ్లను చూసుడుతోటే: 1937ల, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీల, ఇప్పటి ప్రకాశం జిల్లా దిక్కు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. లోపల ఉండాలె, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. పళ్ల మచ్చలు పళ్లు తయారయ్యే వయసుల, అంటే సుమారు 8 ఏండ్ల లోపు తాగిన నీళ్లతోటి పడతయి, తర్వాత నీళ్లు మార్చినా పోవు. ఎముకలది ఏండ్ల తరబడి పేరుకుంటది.

ఇంట్ల జరిగే తప్పులు మూడు కనపడతయి. తాగనీకె మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడుడు: అన్నం, పప్పు, చాయ్ అన్నిట్ల ఫ్లోరైడు కడుపులకు పోతనే ఉంటది. రెండోది, మరగబెట్టుడు. మూడోది, ఆర్‌వో కాన్లు తెచ్చుకొని నిమ్మళంగ ఉండుడు. మెంబ్రేన్ పాడైతే నీళ్లు తేటగనే వస్తయి, ఫ్లోరైడు సుత వాటితోటే వస్తది. ఆర్నెల్లకు ఒకసారన్న పరీక్ష చేయించాలె.

నకిరేకల్_చదువరి

అన్నా, మరగబెడితే ఏమైతది? పుస్తకంల వాన నీళ్లు మరగబెట్టి తాగాలె అని ఉందట గదా. ఫ్లోరైడు తీసే పటిక పద్ధతికి నల్లగొండ పేరే ఉంది, అది ఇంట్ల చేసుకునేటట్టు చెప్పు.

బోరుబావి_ల్యాబు

ఉంది. వాన నీళ్లు అన్నిటికన్న తేలిక, తియ్యన, కాని జల్ది పాడయితయి, మరగబెట్టకుంటే వాసనొస్తయి, గొంతు పోతది అంటడు. క్రిములకు అది సరైన మాటే. ఫ్లోరైడుకు ఉల్టా. 10 లీటర్ల నీళ్లల్ల లీటరుకు 2 మి.గ్రా. ఉందనుకో, మొత్తం 20. మరిగి 8 లీటర్లయితే ఆ 20 అందులనే ఉన్నయి, లీటరుకు 2.5. ఉప్పు కిందనే ఉండిపోతది అని ఆయన చెప్పిన మాటే ఇక్కడ పనిచేస్తది చూడు.

నల్లగొండ పద్ధతి నాగపూర్‌ల నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చిండ్రు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, అంతే సామాను. 40 లీటర్ల ప్లాస్టిక్ బకీటు, అడుగు నుంచి 3–5 సెంటీమీటర్ల పైన కుళాయి. అంతకన్న కిందికి పెడితే మడ్డి కుళాయిలకు వస్తది. పటిక ఎంత అన్నది రెండు అంకెల మీద ఉంటది: ఫ్లోరైడు ఎంత, ఆల్కలినిటీ (నీళ్ల క్షార గుణం) ఎంత, రెండూ లీటరుకు మి.గ్రా.లల్ల. ఫ్లోరైడు ఒక్కటే చూసి పక్కింటోళ్ల కొలత కొట్టుడే అందరు చేసే తప్పు. ఫ్లోరైడు 2, ఆల్కలినిటీ 400 ఉన్న నీళ్లకు లీటరుకు సుమారు 300 మి.గ్రా. పటిక పడతది, అంటే 40 లీటర్లకు 12 గ్రాములు. సున్నం పటికల 20వ వంతు, 0.6 గ్రాము. ముందుగాల సున్నం, బ్లీచింగ్ వేసి బాగ కలుపు. పటికను విడిగ నీళ్లల్ల కరిగించి తర్వాత పొయ్యి. 10 నిమిషాలు మెల్లగ, ఒకే దిక్కు తిప్పు. జోరుగ తిప్పితే అప్పుడే కట్టిన పూత పగిలిపోతది, మళ్ల దిగదు. తర్వాత గంట సేపు ముట్టకు. పైన తేట కుళాయితోటి పట్టుకో.

చెడేది ఎక్కడంటే: పటిక ఎక్కువైతే నీళ్లు పుల్లగయి పీహెచ్ పడిపోతది, అల్యూమినియం నీళ్లల్లనే ఉండిపోతది. పటిక తక్కువైతే ఫ్లోరైడు దిగది. మడ్డిని బోరు పక్కన్నే పారబోస్తే మళ్ల మొదటికే. కృష్ణా నీళ్లు రోజూ వచ్చే ఊర్లల్ల ఈ తిప్పలు అక్కర లేదు, ఆ నీళ్లే తాగి, ఆ నీళ్లతోనే వండుకునుడు నయం. లైను పగిలిన దినాలల్ల, పొలం కాడ బోరు తాగే కూలీలకు మాత్రం ఈ లెక్క ఇంక అవసరమే.

పాలమూరు_ఫిజీషియన్

ల్యాబు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎముకల ఫ్లోరోసిస్ అనుమానం ఉంటే మూడు కదలికలు చూడండి: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి తీసుకుపోవడం. వీటితో తేలదు, మొదటి జల్లెడ మాత్రమే. తర్వాత నీళ్లు, మూత్రంలో ఫ్లోరైడు, ఎక్స్‌రే. మార్చగలిగినవి నీళ్లు, పాలు, ఆకుకూరలతో వచ్చే కాల్షియం, ఇంకా చాయ్. టీ ఆకులో ఫ్లోరైడు బాగా ఉంటుంది. రోజుకు ఐదారు కప్పుల డికాక్షన్ తాగేవాళ్లతో నీళ్ల గురించి మాత్రమే మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

చదువరి గారూ, మీ 40 నిమిషాల్లో పది నిమిషాలు "పవిత్ర వ్యాధి" గ్రంథానికి ఇవ్వండి. అది ఫిట్స్ మీద రాసింది. దేవుడు పట్టాడనే జబ్బు మిగతా జబ్బుల కంటే ఏమీ పవిత్రం కాదు, దీనికీ ఒక స్వభావం, ఒక కారణం ఉన్నాయి, అది మెదడులో ఉంది అంటాడు. తండ్రికి ఉంటే బిడ్డకు రావచ్చు అని కూడా అంటాడు. మంత్రగాళ్లు పెట్టిన నియమాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతాడు: నల్ల బట్ట కట్టొద్దు, మేక తోలు మీద పడుకోవద్దు, మేక మాంసం తినొద్దు, కాలి మీద కాలు వేయొద్దు. తర్వాత ఆయన వేసే ప్రశ్న చూడండి: మేక తోలే కారణమైతే, లిబియా లోపలి జనం మేక తోళ్లే కట్టుకుని మేక మాంసమే తింటారు కదా, వాళ్లలో ఒక్కడు కూడా ఆరోగ్యంగా ఉండొద్దు కదా? అంతటితో ఆగడు. ఈ జబ్బు మేకలకూ వస్తుంది, అలాంటి మేక తల కోసి చూడండి, మెదడు తడిగా, నీరు నిండి, కంపు కొడుతూ ఉంటుంది, ఇది దేవుడి పనా, జబ్బా మీకే తెలుస్తుంది అంటాడు. గొర్రెలు, మేకలు ఎరిగిన మీ సభలో ఈ మాట వివరించాల్సిన పనే ఉండదు. మెదడులో టేప్‌వార్మ్ (బద్దెపురుగు) తిత్తి ఉన్న గొర్రె ఒకే దిక్కు గుండ్రంగా తిరగడం చూసినవాళ్లు చాలామంది ఉంటారు.

ఆయన చెప్పిన కారణం, అంటే శ్లేష్మం మెదడు నుంచి నాళాల్లోకి దిగి గాలిని అడ్డుకుంటుందనేది, తప్పు. మనవాళ్లలో ఫిట్స్‌కు ఒక పెద్ద కారణం పంది టేప్‌వార్మ్ గుడ్లు మెదడు చేరడం. మాంసం తినని ఇంట్లో కూడా వస్తుంది, ఎందుకంటే గుడ్లు వచ్చేది మలం అంటిన చేతుల మీదుగా, సరిగా కడగని కూరగాయల మీదుగా.

ఇక్కడ పనిలో పనిగా ఒక మాట చెప్పండి. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించడం మేక తోలు నియమం లాంటివే. వణుకు ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, పేరు ఇనుముకు వస్తుంది. చేయాల్సింది: టైము చూడండి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయండి, ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గాని నీళ్లు గాని పెట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

తిండి విషయంలో గ్రీకులది గంజి వైద్యం అనొచ్చు. "తీవ్ర రోగాల్లో ఆహారం" అనే గ్రంథం దాదాపు అంతా బార్లీ గంజి గురించే. బాగా ఉడికి ఉబ్బి, జారేలా ఉండాలి. జబ్బు గట్టిగా ఉంటే వడకట్టిన తేట మాత్రమే ఇవ్వాలి, తగ్గేకొద్దీ గింజతో ఇవ్వాలి. రోజుల తరబడి పస్తు పెట్టి ఒక్కసారిగా చిక్కటి గంజి పోయొద్దు అని గట్టిగా వాదిస్తాడు. ఈ చివరి మాట ఇప్పటికీ అక్షరాలా నిజం. చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పిండిపదార్థం పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. జ్వరం తగ్గగానే బలం రావాలని కోడికూర, అన్నం కుక్కేవాళ్లకు ఇది చెప్పండి.

ఒక్క లోటు. ఆ గంజిలో ఉప్పు లెక్క లేదు. మన దిక్కు ఏప్రిల్, మే నెలల్లో చెమట పట్టినవాడికి, విరేచనాలైనవాడికి ఉత్త గంజి చాలదు. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకు చక్కెర 6 చెంచాలు, ఉప్పు అర చెంచా. టీ చెంచా, తలగొట్టి కొలవాలి. గోపురంగా తీస్తే ఉప్పు రెట్టింపవుతుంది, పసిపిల్లలకు అది ప్రమాదం. జొన్న అంబలి ఇస్తే అందులోనూ ఉప్పు మరవొద్దు. ఎండదెబ్బకు ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషికి మాత్రం నోటి ద్వారా ఏదీ పోయకుండా, ముందు తడిబట్టతో, గాలితో చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తిబ్బీ_పాఠం

మేడం, ఆ గంజి ఇప్పటికీ మా దగ్గర ఆష్-ఎ-జౌ పేరుతో ఉంది. గ్రీకుల తేనె-వెనిగర్ పానకం మా సికంజబీన్. సిర్కా, అంగబీన్ కలిస్తే ఆ పేరు. షుగరు ఉన్నవాళ్లకు, ఏడాది లోపు పిల్లలకు తేనెది పనికిరాదు.

పాలమూరు_ఫిజీషియన్

సరే. హిజామా సంగతి కూడా మీరే చెప్తారా? చెప్పేటప్పుడు "చెడు రక్తం" అనొద్దు.

తిబ్బీ_పాఠం

అనను. కప్పు కింద నల్లగా గడ్డ కట్టి కనపడేది మామూలు రక్తమే. గుంజిన చోట నిలిచి ఆక్సిజన్ తగ్గింది, బయట గడ్డ కట్టింది, అంతే. గ్రీకులు కప్పును ఎంతగా వాడారంటే, "పురాతన వైద్యం" గ్రంథంలో వెడల్పుగా మొదలై సన్నబడే దాని ఆకారం ఎందుకు బాగా గుంజుతుందో కూడా రాశారు. పొడి కప్పు వేరు, గాట్లు పెట్టి రక్తం తీసే తడి కప్పు వేరు. నడుము, మెడ నొప్పికి పొడి కప్పుతో కొందరికి ఉపశమనం వస్తుంది, చర్మం మీద గుండ్రటి మచ్చ వారం పది రోజులుంటుంది. బీపీ, షుగరు, పిల్లలు కలగకపోవడం అన్నింటికీ అదే అని బోర్డు పెట్టిన చోట నుంచి లేచి రావడమే మంచిది.

పాలమూరు_ఫిజీషియన్

తడి కప్పుకు నా వైపు నుంచి షరతులు. బ్లేడు, కప్పు రెండూ ఒక్క మనిషికే, మీ ముందే పొట్లం చింపాలి. కప్పును డెట్టాల్‌తో కడిగి మరొకరికి పెడితే హెపటైటిస్ బి భయం అలాగే ఉంటుంది. హిమోగ్లోబిన్ చూడకుండా వద్దు. గర్భిణులకు, రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్లకు, షుగరు అదుపులో లేనివాళ్లకు వద్దు. గ్రీకుల నుంచి వచ్చిన రక్తం తీసే అలవాటు యూరపులో 19వ శతాబ్దం దాకా సాగింది. పారిస్‌లో పియర్ లూయీ న్యుమోనియా రోగులను లెక్కగట్టి, తొందరగా తీసినా ఆలస్యంగా తీసినా అనుకున్నంత తేడా లేదని 1835లో పుస్తకంగా వేశాక దాని మీద నమ్మకం సడలింది. రెండు వేల ఏళ్లు నమ్మిన పనిని పడగొట్టింది లెక్కే. పేరు, మోతాదు లేని పొట్లంలో వచ్చే కుష్తాలు (యునానీ భస్మాలు) కూడా వద్దు. వాటిలో సీసం, పాదరసం ఉంటే దెబ్బ తినేది మూత్రపిండాలు.

మూసీ_ఒడ్డు

సరే, ఒప్పుకుంట. గ్రీకుల పుస్తకంల అన్నీ మంచియేనా మరి? టీచర్లు అది సుత అడుగుతరు.

బోరుబావి_ల్యాబు

కాదు. "గాలులు, నీళ్లు, ప్రదేశాలు" రెండో సగంల ఆసియా వాళ్లకు ఋతువుల మార్పు పెద్దగ లేదు కాబట్టి పిరికోళ్లు, మెత్తటోళ్లు అని రాసిండు. రాజుల కింద బతుకుడు సుత ఒక కారణమన్నడు. నీళ్లను చూసి కడుపుల బల్ల గురించి చెప్పుడు వేరు, నీళ్లను చూసి మనిషి గుణం చెప్పుడు వేరు. మొదటి సగం చదివి రెండో సగం దాచిపెట్టకుండ్రి, ఎవరో ఒకరు చదివే వస్తరు.

నకిరేకల్_చదువరి

మస్తు సామాను దొరికింది. ఒక ఆలోచనొచ్చింది. బల్ల మీద రెండు గ్లాసులు పెడ్త, ఒకటి బోరుది, ఒకటి భగీరథది. ముందు గ్రీకు పద్ధతిల చూసి, వాసన పట్టి, రుచి చూసి ఏది మంచిదో జనాన్నే చెప్పమంట. తర్వాత ఫీల్డు కిట్టుతోటి అక్కడ్నే ఫ్లోరైడు చూపెడ్త. నడుస్తదా అన్నా?

బోరుబావి_ల్యాబు

నడుస్తది, జర జాగ్రత్తలు చూసుకో. కిట్టుల ఉన్నది జిర్కోనియం కలిపిన రంగు. ఫ్లోరైడు ఆ జిర్కోనియాన్ని గుంజుకుంటే రంగు వెలుస్తది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడు. భగీరథ నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, అది గూడ రంగును వెలిపిస్తది, లేని ఫ్లోరైడు ఉన్నట్టు కనపడతది. అందుకే ఆ నీళ్లు ముందురోజే పట్టి, వెడల్పు ప్లాస్టిక్ గిన్నెల మూత తీసి పెట్టు. కిట్టుల క్లోరిన్‌ను పోగొట్టే చుక్కలుంటే అవి సుత వేసినంకనే రంగు కలుపు. పటిక వేసిన నీళ్లు మాత్రం తేకు. మిగిలిన అల్యూమినియం అడ్డం పడి ఫ్లోరైడు ఉన్నదానికన్న తక్కువ చూపెడతది, నీ ముచ్చటంత ఉల్టా అయితది.

బోరు నీళ్లు రుచి చూపెట్టుడు ఒక్క గుక్కతోటి ఏం కాదు. కాని క్రిముల పరీక్ష కాని నీళ్లయితే వాసన, రంగు చాలు, నాలుక మీద పెట్టనియ్యకు. బోరు కొట్టంగనే పట్టకు, 5 నిమిషాలు నీళ్లు పోనియ్యి. గాజు సీసాల కాదు, ప్లాస్టిక్ సీసాల పట్టు, అవే నీళ్లతోటి మూడుసార్లు కడిగినంక. ఇంకో సీసా నిండ పట్టి జిల్లా ల్యాబుల ఇచ్చి రా. అక్కడ ఎలక్ట్రోడుతోటి చూస్తరు. కిట్టు రంగుకు, ల్యాబు అంకెకు తేడా వస్తే ల్యాబుదే బోర్డు మీద రాయి.